నాలుగు పూతల కింద చీలిక

ముప్పై నాలుగేళ్ళు చెక్కకి పాలిష్ పట్టాను. స్పిరిట్ పీల్చి పీల్చి ఇప్పుడు నా ముక్కుకి పోపు వాసనా సంపెంగ వాసనా ఒకటే. కుడి మణికట్టు పొద్దున్నే తిరగదు. వేణ్ణీళ్ళలో పెట్టి కాసేపు బతిమాలితే గానీ గ్లాసు పట్టుకోదు. ఇంతకాలం పనిచేసిన మనిషికి తాను బాగా చేసిన పనులు గుర్తుండాలి. నాకు ఉండవు. హార్మోనియంలు, వీణలు, పెళ్ళి మంచాలు, ఆఫీసు కుర్చీలు నా చేతికింద చాలా మెరిశాయి, పోయాయి. గుర్తున్నది చెడగొట్టిన ఒక్కటే. పనిలో కొత్తగా దిగిన మీలాంటి వాళ్ళకి పనికొస్తుందని చెబుతున్నానని అనుకోండి. అసలు సంగతి, మోసి మోసి విసిగిపోయాను. ఎక్కడో ఒకచోట దించాలి గదా.

నందిగామలో బస్సులు ఆగే చోటికి నాలుగంగల్లో మా మేస్త్రిగారి షాపు ఉండేది. హార్మోనియంలు బాగుచేయడం మా అసలు పని. వాటితోపాటు వీణలకీ మద్దెలలకీ చిన్నాచితకా మరమ్మతులు చేసేవాళ్ళం. రీడ్లూ తిత్తులూ మేస్త్రిగారు చూసేవారు. చెక్కా పూతా నావి. ఆయనకి మాట తక్కువ. మెచ్చుకున్నా తిట్టినా తల ఒకే తీరుగా ఊపేవారు, ఏదన్నది మనమే తెలుసుకోవాలి. నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు. అద్దంలాంటి పాలిష్ చుట్టుపక్కల నాలాగా ఎవడూ పట్టలేడని నా నమ్మకం. అది చాలావరకు నిజం కూడా. నిజం కావడమే నా కొంప ముంచింది.

అరవైల మధ్యలో ఒక ఏడాది, చలి వదులుతున్న రోజుల్లో, జగ్గయ్యపేట నుంచి ఫిడేలు మాస్టారు మా షాపుకి వచ్చారు. ఆయన మాకు కొత్త కాదు. హరికథలు చెప్పే ఒక భాగవతారిణిగారి వెనక ఎనిమిదేళ్ళుగా ఫిడేలు వాయిస్తున్నారు. ఏటా ఫిడేలుకి తీగలూ బిరడలూ మా దగ్గరే. అయితే అంతకుముందు వానాకాలంలో గేదెకి చొప్ప కోస్తుంటే కోతమర ఆయన ఎడమచేతి మీదికి వచ్చింది. నడిమి వేలూ ఉంగరపు వేలూ సగానికి పోయాయి. ఫిడేలు వాయించేవాడికి ఎడమచేతి వేళ్ళే గొంతు. ఆ సంగతి విన్నప్పుడు మేస్త్రిగారు పనిచేస్తున్న హార్మోనియం మూసేసి ఆ పూటకి ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ రోజు మాస్టారు బస్సు దిగి, ఒక దేవదారు పెట్టెని చంకన పెట్టుకుని వచ్చారు. మా బల్లమీద పెట్టి మూత తీశారు. లోపల రంగూ పూతా లేని ఒక చెక్క, దానికి పొడుగ్గా మెడ, చివర తల. పక్కన కాగితంలో చుట్టిన, తీగలు బిగించే ఆరు మరల బిరడలు, తీగలు ఆనడానికి రేకుతో చేసిన గుర్రం, తీగల చప్పుడు మైకుసెట్టుకి అందించడానికి అయస్కాంతానికి రాగితీగ చుట్టిన ఒక బిళ్ళ, గుప్పెడు మరమేకులు, ఇంగ్లీషులో బొమ్మలు వేసిన ఒక కాగితం.

"ఎలక్ట్రిక్ గిటారంటండీ" అన్నారు మాస్టారు. "మా బావమరిది ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్నాడు గదా. వాళ్ళ క్వార్టర్స్ పక్కన ఒకాయన దీన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఉక్కు కడ్డీ తీగలమీద జరుపుతూ వాయిస్తాడంట. వేళ్ళతో నొక్కే పనే లేదు బావా అని రాసి, కలకత్తా షాపులోంచి ఈ సామాను పంపించాడు. కట్టుకోవలసింది మాత్రం మనమేనంట."

మేస్త్రిగారు చెక్కని వేలి కణుపుతో రెండుచోట్ల కొట్టి విన్నారు. "కడదాం. కానీ మాస్టారూ, కడ్డీ పట్టుకోడానికి..."

"బొటనవేలూ చూపుడువేలూ చాలండీ. చిటికెన వేలు ఎట్టాగూ ఉందాయె!" అని ఆయన నవ్వారు. నవ్వుతూనే ఆ చెయ్యి కండువా కిందికి పోయింది.

తర్వాత అసలు సంగతి చెప్పారు. భాగవతారిణిగారు ఆయన కోసం ఆర్నెల్లుగా ఫిడేలు లేకుండా హార్మోనియంతోనే నెట్టుకొస్తున్నారు. శ్రీరామనవమికి పేట పందిట్లో తొమ్మిది రోజులు ఆవిడ కథలు. అందులో ఒకరోజు వెనక కూర్చుని ఈ కొత్త వాయిద్యం వాయించమన్నారు. శ్రుతి నిలిస్తే మళ్ళీ ఏడాదంతా ఆయనే. నిలవకపోతే ఆవిడ ఇంకొకరిని చూసుకోవాలి.

"ఆవిడ తప్పేం లేదండీ. ఎన్నాళ్ళని ఆగుద్ది?" అన్నారు మాస్టారు.

పని మొదలుపెట్టాం. ముందు ఊరికే బిగించి, తీగలు ఎక్కించి, పచ్చి చెక్కతోనే ఆయనకి ఇచ్చేశాం, సాధన చేసుకోమని. ప్రతి ఆదివారం పట్టుకొచ్చేవారు. ఒక్కో వారం ఒక్కో లోపం బయటపడేది. రేకు గుర్రం జిలజిలమనేది. కంచరి చేత ఇత్తడి ముక్క పోయించి, నేను ఆకురాయితో అరగదీసి, ఆరు తీగలకీ ఆరు గాడులు తీశాను. అయస్కాంతం బిళ్ళ పలకలేదు. పేటలో మైకుసెట్లు అద్దెకిచ్చే అతను దాన్ని విప్పి, వెంట్రుక కంటే సన్నని రాగితీగ మళ్ళీ చుట్టాడు. నాలుగుసార్లు తెగిందట, నాలుగుసార్లూ మొదట్నుంచి చుట్టాడట. కడ్డీ మాస్టారి చేతిలోంచి జారిపోతోందంటే దానికి తోలుపట్టీ కుట్టి అరచేతికి తగిలించుకునేలా చేశాను. అది పెట్టుకుని, గిటారుని అద్దె మైకుసెట్టుకి తగిలించి మా బల్లమీదే ఒక వర్ణం ఎత్తుకున్నారు. ఫిడేలు కాదది, వీణా కాదు. మనిషి పెదవులు మూసుకుని పాడినట్టుంది. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు షాపు ముందుకి వచ్చి నిలబడ్డారు. మేస్త్రిగారు తల ఊపారు. అది మెచ్చుకోలే అని మాకందరికీ తెలిసింది.

మిగిలింది బిరడల జబ్బు. పెట్టెలో వచ్చినవి నాసిరకం. లోపలి పళ్ళు పట్టుతప్పి తీగ దిగిపోయేది. మేస్త్రిగారు బెజవాడ నుంచి గట్టి బిరడలు ఆరు తెప్పించారు. వాటి కాడలు లావు. తలకున్న బెజ్జాలు పెద్దవి చెయ్యాలి. సరిగ్గా అప్పుడే మేస్త్రిగారు చెవిటికల్లులో మేనకోడలి పెళ్ళికి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ గిటారు తలని ఒకసారి వెలుగుకెత్తి చూశారు.

"ఇక్కడ చెక్క పలచనరా. పీచు కూడా అడ్డంగా పోతోంది. బెజ్జాల జోలికి పోకు, నేనొచ్చాక చూద్దాం. నువ్వు పూత పని చూసుకో."

"అట్టాగేనండీ" అన్నాను.

మర్నాడు మాస్టారు వచ్చారు. నవమికి పట్టుమని పది రోజులు లేవు.

"కొత్త బిరడలతో చెయ్యి అలవాటు పడొద్దటయ్యా? మేస్త్రిగారు ఎప్పుడొస్తారు?"

"నాలుగు రోజులవుద్దండీ."

"అంతేలే. ఆగుదాం" అన్నారాయన. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తొందరపెట్టారని చెప్పుకోడానికి కూడా నాకు వీల్లేదు. ఆయన ముఖం చూసి నేనే అన్నాను: "రేపు సాయంత్రం రండి. బిగించి ఉంచుతా."

బెజ్జాలు తొలిచే బరమా తీసుకుని కూర్చున్నాను. మూడు బెజ్జాలు వెన్నలో పోయినట్టు పోయాయి. నాలుగోది తిప్పుతుంటే 'టిక్' మంది. అన్నంలో రాయి పంటికింద పడినంత చప్పుడు. ఎత్తి చూస్తే, నాలుగో బెజ్జం నుంచి అంచుదాకా వెంట్రుకవాసి గీత. బొటనవేలితో నొక్కితే నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుంటోంది.

అక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. మేస్త్రిగారు వచ్చి నాలుగు చీవాట్లు పెట్టి, దానికో దారి చూసేవారు. నాకు ఆ నాలుగు చీవాట్లు బరువనిపించాయి. చెక్కలు అతికే వజ్రం కాచి, అందులో రంపపు పొట్టు కలిపి, చీలికలోకి దిగగొట్టి, పురికోసతో బిగించి కట్టాను. తెల్లవారి విప్పి రుద్దితే గీత కనపడుతూనే ఉంది. మొదట లేతరంగు వేద్దామనుకున్నవాణ్ణి ముదురెరుపు కలిపాను. ఒక పూత, రెండు పూతలు. నాలుగో పూతకి గీత ఏమైందో నాకే తెలియలేదు. లక్క గుడ్డతో గుండ్రంగా తిప్పి తిప్పి మెరుగు పెట్టాను. నా జీవితంలో అంత మంచి పాలిష్ అంతకుముందు పట్టలేదు, తర్వాతా పట్టలేదు.

సాయంత్రం మాస్టారు వచ్చి దానిమీదికి వంగి చూశారు. ఆ ఎర్రటి నునుపులో ఆయన ముఖం కనపడుతోంది.

"ఇది నాకేనటయ్యా?" అన్నారు.

ఆ ప్రశ్న ముందు చీలిక సంగతి ఎట్లా చెబుతాం? అని అప్పుడనుకున్నాను. ఇప్పుడనుకుంటాను, ఆ ప్రశ్న ముందే చెప్పి ఉండాల్సింది.

మేస్త్రిగారు పెళ్ళినుంచి వచ్చాక, మాస్టారు పట్టుకొచ్చి చూపిస్తే పాలిష్ చూశారు, బిరడలు తిప్పి చూశారు. "ఆగమంటే ఆగలేదు గానీ, బానే కుదిరింది" అన్నారు. మా మేస్త్రిగారి నోట నేను విన్న పెద్ద మెప్పు అది. దాన్ని మాట్లాడకుండా పుచ్చుకున్నాను.

నవమి వచ్చింది. మాస్టారి వంతు ఆరో రోజు. మేస్త్రిగారు షాపు చూసుకుంటానని నన్ను పంపారు. జగ్గయ్యపేటలో ఆ రోజు ఎండ రోళ్ళు పగిలేలా ఉంది. నాలుగింటికి కథ అంటే మూడింటికే తాటాకు పందిరి నిండింది. మైకుసెట్టు అతను కరెంటు తీగలు కలిపేసరికి గిటారు బొయ్యిమని ఒకటే ఊళ. ఒక ఇనుప చువ్వ భూమిలోకి దిగగొట్టి, రెండు బిందెల నీళ్ళు పోసి, తీగ దానికి కట్టాడు. ఊళ ఆగింది. ఈ తతంగమంతా జరిగినంతసేపూ గిటారు వేదిక వారన ఎండలో పడుంది. పైకి చూస్తే నిప్పులా మెరుస్తోంది. చెయ్యి పెడితే పూత మెత్తగా తగిలింది. పూతే మెత్తబడితే లోపలి వజ్రం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నీడలోకి జరిపి, పైన తువ్వాలు కప్పి, మైకుసెట్టు బల్ల పక్కన కూర్చున్నాను.

ఆ రోజు కథ పాదుకా పట్టాభిషేకం. భాగవతారిణిగారు నలభై దాటిన మనిషి. ముక్కుపుడకా చేతిలో చిడతలూ తప్ప వేరే ఆడంబరం లేదు. ఆ రోజుకి హార్మోనియం లేదు; వెనక మృదంగం ఆయన, ఆయన పక్కన ఒళ్ళో గిటారుతో మా మాస్టారు. మొదటి అరగంట ఏం చెప్పను. ఆవిడ ఒక పద్యం ఎత్తుకుని చివర వదిలిపెడితే, ఆ వదిలిన చోటునుంచి మాస్టారి కడ్డీ అందుకునేది. పందిట్లో పిల్లల ఏడుపు కూడా లేదు. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి నవ్వారు. మాస్టారు తల వంచుకుని ఉన్నారు గానీ, ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనపడింది. ఇన్ని నెలల తర్వాత మళ్ళీ ఆ మనిషి తన చోట కూర్చున్నారు.

భరతుడు అన్నని వెతుక్కుంటూ అడవికి బయల్దేరిన ఘట్టంలో నాలుగో తీగ దిగింది. మాస్టారు బిరడ తిప్పి సరిచేశారు. మళ్ళీ దిగింది. మళ్ళీ సరిచేశారు. ఈసారి పక్క తీగ కూడా దిగింది. ఆవిడ స్వరం ఒక దారి, గిటారు ఒక దారి. మృదంగం ఆయన పక్కకి చూశాడు. ముందు వరసలో ఎవరో, "ఏంటది, పిల్లి ఏడ్చినట్టు?" అన్నారు. కొందరు నవ్వారు. ఆవిడ పద్యం ఆపి వచనంలోకి దిగి, ఆయనకి వ్యవధి ఇచ్చారు. ఆయన నుదుటిమీది చెమట చెక్కమీద పడుతోంది. మళ్ళీ సరిచేసి కడ్డీ ఆనించారు. స్వరం సుయ్యిమని కిందికి జారిపోయింది.

అప్పుడు ఆయన బిరడల వైపు చూడలేదు. తల వైపూ చూడలేదు. తన ఎడమచెయ్యి ఎత్తి, దాన్ని చూసుకున్నారు.

కడ్డీ తోలుపట్టీ విప్పి చాపమీద పెట్టారు. గిటారు పక్కన పడుకోబెట్టారు. లేచి, భాగవతారిణిగారికి రెండు చేతులూ జోడించి, "నా చెయ్యి పనికిరాదమ్మా" అన్నారు. మైకు దగ్గరే ఉంది. పందిరంతా విన్నది. వేదిక వెనక మెట్లు దిగి, తాటాకుల సందులోంచి వెళ్ళిపోయారు.

నేను బల్ల పక్కన కూర్చునే ఉన్నాను. లేచి పదడుగులు వేసి, "మాస్టారూ, చెయ్యి కాదు, చెక్క" అంటే చాలు. మూడు మాటలు. నేను లేవలేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చిడతలు సర్దుకుని, కథ అందుకున్నారు. రెండు గంటలు ఉత్త మృదంగంతో నడిపించారు. నేను చివరిదాకా విన్నాను. ఒక్క ముక్క ఎక్కలేదు.

గిటారుని దుప్పట్లో చుట్టి బస్సెక్కాను. దుప్పట్లోంచే బొటనవేలితో తడిమితే చీలిక నోరు తెరుచుకుని ఉంది. మేస్త్రిగారు ఏమైందని అడిగారు.

"మాస్టారి చెయ్యి నిలవలేదంటండీ" అన్నాను.

పాలిష్ వేసినప్పుడు చేసింది పిరికితనం. ఇది మాత్రం అబద్ధం. మేస్త్రిగారు ఆ మాటకి తల ఊపలేదు. ఊరికే వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. మేస్త్రిగారు లేనప్పుడు మెల్లిగా తలకి బద్ద వేసి బాగుచేసి, మాస్టారికి ఇచ్చేసి, ఇంకోసారి ప్రయత్నించమని చెబుదామని నా పథకం. గిటారుని అటకమీద పెట్టాను.

నాలుగో రోజు మైకుసెట్టు అతను ఏదో పనిమీద నందిగామ వచ్చి మా షాపులో కూర్చున్నాడు. 

"మాస్టారు ఫిడేలు పట్టుకెళ్ళి గుళ్ళో ఇచ్చేశాడండీ" అన్నాడు. "ఎవరికన్నా నేర్పించుకోండి అన్నాడంట. ఈయనేమో సున్నపుబట్టీ కాడ కాపలాకి కుదిరాడు. నిన్న చూశా. పలకరిస్తే పలకలేదు."

అతను వెళ్ళాక చేతిలో గుడ్డ పక్కన పడేశాను. అటకమీంచి గిటారు దించి మేస్త్రిగారి ముందు పెట్టాను. తల మీద నాలుగో బెజ్జం దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆయన గుడ్డని స్పిరిట్‌లో ముంచి, నా నాలుగు పూతలూ తుడిచేశారు. ఎర్రరంగు ఆయన వేళ్ళమీంచి కారి బల్లమీద పడింది. గీత తేలింది.

తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రేపు మొదటి బస్సుకి పో. ఇది కూడా తీసుకుపో. నువ్వే చూపించు" అన్నారు. ఇంకో హార్మోనియం ముందుకి లాక్కున్నారు.

సున్నపుబట్టీ ఊరికి దూరంగా ఉంది. చెట్టూ చేమా గుడిసే అన్నీ తెల్లగా ఉన్నాయి. మాస్టారు ఒక రాయిమీద కూర్చుని ఉన్నారు. కనుబొమ్మలమీద కూడా సున్నం. నన్ను చూసి లేవబోయి, చేతిలో దుప్పటి చూసి మళ్ళీ కూర్చున్నారు. 

"దాన్ని నాకెందుకు తెచ్చావయ్యా? మా బావమరిదికి పంపించెయ్యండి."

దుప్పటి విప్పి గిటారు తల ఆయన ముందుకి జరిపాను. ఆయన చూడలేదు, బొటనవేలితో తడిమారు. వేలు గీత దగ్గర ఆగింది. నొక్కారు. తెరుచుకుంది.

"ఎప్పుడు చీలింది?"

"బెజ్జం పెద్దది చేసేటప్పుడండి. పాలిష్ వెయ్యకముందే."

"అంటే నేను పందిట్లో కూర్చునేటప్పటికి నీకు తెలుసు."

"తెలుసండి."

"నేను లేచెళ్ళేటప్పుడు?"

"తెలుసండి."

బట్టీలోంచి ఎవరో కేకేస్తే ఆయన పలకలేదు. చెయ్యి ఎత్తుతారేమోననుకున్నాను. ఎత్తలేదు. గొంతు పెంచనూ లేదు.

"చెయ్యి పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదయ్యా. పోతే పోయింది, చెవి ఉంది గదా అనుకున్నా. ఆరోజు సరిచేస్తా, సరిగ్గానే ఉందంటుంది నా చెవి. వాయిస్తే తప్పు పలుకుద్ది. మళ్ళీ చేస్తా, మళ్ళీ తప్పు. నా చెవే పోయిందనుకున్నా. చెవి పోయినోడికి ఫిడేలెందుకని గుళ్ళో ఇచ్చొచ్చా." గీతమీంచి వేలు తీసి అన్నారు: "అయిదు రోజులు. అయిదు రోజులు నేను చెవిటోడినయ్యా."

నేను కాళ్ళమీద పడబోయాను. కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"నా ఎదురుగా నిలబడకు. పో."

పదడుగులు వేశాక వెనకనుంచి పిలిచారు. "నాకు చెప్తే ఏం లాభం? ఆ మాట అన్నది అమ్మగారితో. ఆవిడకి చెప్పు."

భాగవతారిణిగారు ఇంకా పేటలోనే సత్రంలో ఉన్నారు. మర్నాడు ఊరికి ప్రయాణమట, సామాను సర్దుతున్నారు. గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఆవిడ మడతపెడుతున్న చీర అట్లాగే పట్టుకుని విన్నారు.

"ఎనిమిదేళ్ళు నా వెనక కూర్చున్న మనిషాయన" అన్నారు చివరికి. "ఆయన చెవి ఎట్టాంటిదో నాకు తెలీదా? లేచి వెళ్తుంటే ఆపాల్సింది. ఏమైందో చూడాల్సింది. జనం ఉన్నారని కథ చెప్పుకుపోయా. నీ ఒక్కడి తప్పే కాదులే, అబ్బాయ్."

నాకు ఊపిరి ఆడింది. అంతలోనే ఆవిడ అన్నారు: "కానీ ఈ ఏడాదికి తెనాలి ఫిడేలాయనకి మొన్ననే మాటిచ్చేశా. తప్పలేను. మాస్టారికి చెప్పు, చెక్క బాగుచేయించుకుని వచ్చే నవమికి రమ్మను. ఇదే పందిరి. ఈసారి ముందు నేను కూర్చుని శ్రుతి చూస్తా."

క్షమాపణ అడిగితే జరిగింది చెరిగిపోతుందని మీరు అనుకుంటూ ఉంటే, ఆవిడ ఇంకొకరికి మాటిచ్చేశానన్న ఆ మాట మరొకసారి గుర్తుచేసుకోండి. నేను నిజం చెప్పాను. నిజం అయిదు రోజులు ఆలస్యమైంది. దానికి మాస్టారి జీవితంలో ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదంతా ఆయన సున్నపుబట్టీ దగ్గరే ఉన్నారు. వాళ్ళ ఆవిడ ఇళ్ళల్లో అప్పడాలు వత్తింది. నేను షాపులో పని చేసుకుంటూ బతుకుతూనే ఉన్నాను.

మేస్త్రిగారు నూజివీడు వీణల వాళ్ళ దగ్గరకు స్వయంగా వెళ్ళి పనసచెక్క తెచ్చారు. మెడా తలా కొత్తవి చెక్కాం. బెజ్జాలు వేసేటప్పుడు బరమా నా చేతికిచ్చి, పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. వద్దండీ, మీరే వెయ్యండి అన్నాను. "నువ్వే" అన్నారు. ఆరు బెజ్జాలకి ఒక పగలంతా పట్టింది. 

పూత దగ్గరికి వచ్చేసరికి మాస్టారికి కబురు పెట్టాం. ఆదివారం వచ్చారు. నాతో మాట్లాడలేదు. మేస్త్రిగారితో అన్నారు: "పాలిష్ వద్దని చెప్పండి. కర్ర కర్రలాగా కనపడితే చాలు."

అవిసెనూనె పట్టించి వదిలేశాను. నాకున్న ఒకే ఒక్క విద్య ఆ వాయిద్యానికి అక్కర్లేకపోయింది.

మరుసటి ఏడు నవమికి మాస్టారు వాయించారు. తీగ దిగలేదు. మొదటి ఏడాది ఆ అరగంటలో విన్నది మళ్ళీ వినపడిందా అంటే, లేదు. చెయ్యి ఇంకా బాగా తిరిగింది, తప్పులేదు, శ్రుతిలో ఉంది. కానీ రెండు చరణాలకోసారి బిరడల వైపు చూస్తూ వాయించారు. ఆ చూపు నేను పెట్టిందే. గుళ్ళో ఇచ్చిన ఫిడేలు తిరిగి అడగలేదు. ఆవిడ వెనకే చాలా ఏళ్ళు ఊరూరా తిరిగారు. ఆవిడ కథలు మానేశాక పేటలోనే నలుగురికి స్వరాలు నేర్పుకున్నారు.

తీగలు మార్చడానికి మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు మా షాపుకే వచ్చేవారు. రెండో ఏడు నుంచి మాట్లాడటం మొదలుపెట్టారు. మూడో ఏడు నా చేతి టీ తాగారు. అయితే పని ముగించి చేతికిచ్చాక, కబుర్లు చెబుతూనే, గిటారు తల వెనక ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి బొటనవేలితో తడిమేవారు. కోపంతో కాదు. అలవాటుగా. ఆ వేలు చివరిదాకా వెళ్ళేంతసేపూ ఊపిరి బిగపట్టుకునేవాణ్ణి.

మేస్త్రిగారు పోయి షాపు నా చేతికి వచ్చిన ఏడాది అనుకుంటాను, ఒకరోజు అట్లాగే వచ్చారు. తీగలు ఎక్కించి ఇచ్చాను. మనవరాలికి సంగీతం అబ్బుతోందని ఏదో చెబుతూ గిటారుకి గుడ్డ చుట్టేశారు. అంతలో పేట బస్సు వచ్చింది. "వస్తానయ్యా" అని ఎక్కేశారు. బస్సు మలుపు తిరిగాక తెలిసింది నాకు, ఆయన తడమలేదని. మరిచిపోయారో, నమ్మారో ఎప్పుడూ అడగలేదు.

సంతోషం కలగాల్సింది. కలగలేదు, భయమేసింది. ఇన్నేళ్ళూ ఆయన తడిమి చూస్తున్నారు గదా అని, ఇచ్చేముందు నేను చూసుకోవడం మానేశాను. లోపలికి వెళ్ళి, ఆ సాయంత్రం ఇవ్వాల్సిన హార్మోనియం బల్లమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నాలుగు పక్కలా బొటనవేలితో తడిమాను. ఆ తర్వాత పని మానేసిన రోజుదాకా ఒక్కటి కూడా తడమకుండా ఎవరి చేతికీ ఇవ్వలేదు.